ర్యాలీలు చాలు, ఊరి కట్టు కావాలి

పోస్టు పొడుగే. ఓపిక పట్టి చివరిదాకా చదవండి, తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

ప్రతి ఏడాది జూన్ 26 వస్తుంది. మాదకద్రవ్యాల వ్యతిరేక దినం. పొద్దున్నే ఆశ్రమ పాఠశాల పిల్లల్ని ఎండలో లైనుగా నిలబెడతారు. చేతికో ప్లకార్డు ఇస్తారు. మెయిన్ రోడ్డు మీద నడిపిస్తారు. సారు ప్రతిజ్ఞ చదివిస్తారు, ఫొటో తీస్తారు, బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి పంపేస్తారు. ఆ పిల్లలు నడిచిన రోడ్డు పక్కనే బెల్టు షాపు ఉంటుంది. జూన్ 26 సాయంత్రం కూడా అది తెరిచే ఉంటుంది. ఎనిమిదో తరగతి పిల్లాడు వెళ్లి "నాన్న తెమ్మన్నాడు" అంటే క్వార్టర్ సీసా చేతిలో పెడతారు. వాడి వయసు ఎవరూ అడగరు.

నా మాట ఒక్కటే. పిల్లలకు తెలియక తాగడం లేదు. మందు చెడ్డదని మన ఊళ్లో ఐదేళ్ల పాపకి కూడా తెలుసు, ఇంట్లో రోజూ చూస్తోంది కాబట్టి. పిల్లలకు దొరుకుతోంది కాబట్టి తాగుతున్నారు, అడ్డం పడే మనిషి లేడు కాబట్టి తాగుతున్నారు. తెలియకపోవడం జబ్బు అయితే అవగాహన మందు అవుతుంది. దొరకడం జబ్బు అయినప్పుడు అవగాహన ర్యాలీ ఏం చేస్తుంది? దొరకకుండా చెయ్యాలి. అది ఒక డిపార్ట్‌మెంట్ వల్ల కాదు. ఊరు మొత్తం కట్టుగా నిలబడితేనే అవుతుంది.

ఇలా అనగానే మనవాళ్లే నాలుగు మాటలు అంటారు. ఒక్కోదానికీ జవాబు చెప్తాను.

మొదటి మాట: "తాగుడు మన సంస్కృతి, దాన్ని అంటే ఆదివాసీతనాన్ని అన్నట్టే." ఈ మాట బాగా చదువుకున్న అన్నల నోట కూడా విన్నాను. సరే, సంస్కృతి గురించే మాట్లాడదాం. జీలుగు కల్లు మనది. ఇప్పపువ్వు మనది. పండగకి ముందు దేవతకి పోసి, పెద్దలు కూర్చుని, ఆకు దొప్పలో పంచుకునేది మనది. దానికో కాలం ఉంది, లెక్క ఉంది, పెద్దరికం ఉంది. 1879లో రంప తిరుగుబాటు ఎందుకొచ్చిందో చరిత్ర చదివిన వాళ్లకి తెలుసు. తన కొండ మీద, తన చెట్టుకి, తను గీసుకునే కల్లు మీద సర్కారు పన్నేసింది, ఆ హక్కుని బయటి గుత్తేదార్లకి ఇచ్చేసింది. మన్సబుదారు చిగురు పన్ను వసూలు చేశాడు. మన తాతలు తిరగబడటానికి ఉన్న పెద్ద కారణాల్లో అదొకటి. అంటే మన తాతలు పోరాడింది కల్లు కోసం మాత్రమే కాదు, కల్లుని వ్యాపారం చేసి మన నెత్తిన రుద్దిన గుత్తేదారు మీద పోరాడారు.

ఇప్పుడు చెప్పండి. బెల్టు షాపులో అమ్మే సీసా ఏ చెట్టుకి కాసింది? ఏ దేవతకి పోసింది? అది గుత్తేదారు సరుకు. డీజే పెట్టి, కేసులకి కేసులు బీర్లు దింపి, పదో తరగతి కుర్రాళ్ల చేత తాగించి దాన్ని కొత్తల పండగ అంటే తాతలు ఒప్పుకుంటారా? సంస్కృతి పేరు మనది, లాభం వాడిది. అల్లూరి సీతారామరాజు 1922లో పోలీస్ స్టేషన్ల మీదికి వెళ్లకముందు మన్యంలో చేసిన పనులు ఏంటి? తాగుడు మానమని చెప్పడం, గొడవలు కోర్టుకి పోకుండా ఊరి పంచాయతీలోనే తీర్చుకోమని చెప్పడం. ఆయన విగ్రహానికి దండేసే చేత్తోనే తమ్ముడికి సీసా ఇవ్వడం కుదరదు.

ఇంకో సంగతి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో వ్యాపార మద్యం అమ్మకాలు ఆపాలని, గిరిజనులు సంప్రదాయంగా ఇంటి వాడకానికి చేసుకునేదాన్ని మాత్రం వదిలెయ్యాలని కేంద్రం 1970ల్లోనే రాష్ట్రాలకి సూచించింది. సంప్రదాయం వేరు, వ్యాపారం వేరు అని ఢిల్లీలో కూర్చున్నవాళ్లకే తెలిసింది. మనకి తెలియదా?

రెండో మాట: "కుర్రాళ్లు, ఒక వయసు, ఏటైపోద్ది? పెద్దయ్యాక వాళ్లే మానేస్తారు." మానరు. ఎంత చిన్న వయసులో మొదలైతే అలవాటు అంత లోతుకి పోతుంది. మెదడు పూర్తిగా ఎదగడానికి 25 ఏళ్ల దాకా పడుతుందని డాక్టర్లు చెప్తారు. ముందుచూపు, నిగ్రహం చూసుకునే భాగం అన్నింటికన్నా చివర్లో ఎదుగుతుంది. పద్నాలుగేళ్లకి గంజాయి పొగ, పదిహేనేళ్లకి క్వార్టర్ పడితే ఆ ఎదుగుదల మీదే దెబ్బ. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. నాకు ఇప్పుడు ఇరవై. అంటే చట్టం ప్రకారం నాకే అమ్మకూడదు. ఇక ఎనిమిదో తరగతి పిల్లాడి సంగతి ఏం చెప్పాలి?

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. మీలో చాలామంది కూడా అంతే. మన ఇళ్లలో ఒక్క పిల్లాడు చదువు మానేస్తే, ఆ ఇంట్లో ఆ తరం చదువు అక్కడితో ఆగినట్టే. టౌన్‌లో డబ్బున్నవాళ్ల అబ్బాయి పాడైతే ట్యూషన్ పెడతారు, బెంగళూరు తీసుకెళ్లి వైద్యం చేయిస్తారు. మనకి అంత వెనకబలం ఉందా? అందుకే "ఒక వయసు" అనే మాట మన నోటికి చాలా ఖరీదైన మాట.

మూడో మాట: "గంజాయి సంగతి పోలీసులు చూసుకుంటారు." చూసుకుంటున్నారు, కాదనను. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో విశాఖ ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. తర్వాత ఈగల్ అనే ప్రత్యేక విభాగం కూడా వచ్చింది. మంచిదే. కానీ పట్టుబడిన వార్తల్లో పేర్లు చూడండి. బ్యాగు మోసినవాడు మనవాడు. బండి ముందు బైకు మీద పైలట్‌గా వెళ్లినవాడు మనవాడు. అడ్వాన్సు ఇచ్చి పంట వేయించినవాడు, లారీ పంపినవాడు, సిటీలో పదింతలకి అమ్మినవాడు ఎక్కడున్నాడు? వాడి పేరు మోసినవాడికే తెలియదు. తెలియకుండానే వ్యాపారం నడుపుతారు.

ఆ మోసే కుర్రాడికి చట్టం ఏం చేస్తుందో కూడా తెలియదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, మీ తమ్ముళ్లకి చదివి వినిపించండి. ఎన్‌డీపీఎస్ చట్టం 1985 ప్రకారం గంజాయి 1 కిలో దాకా చిన్న పరిమాణం. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. వాణిజ్య పరిమాణం అయితే శిక్ష కనీసం 10 ఏళ్లు, 20 ఏళ్ల దాకా పోవచ్చు, పైన కనీసం లక్ష జరిమానా. బెయిలు దొరకడం చాలా కష్టం. పదహారు దాటిన మైనర్ అయినా ఇంత పెద్ద కేసులో పెద్దవాడిలా విచారించే వీలుంది. రెండు ట్రావెల్ బ్యాగులు నింపితే 20 కిలోలు దాటిపోతుంది. ఐదు వేలకో పది వేలకో ఆశపడి, ఒక్క రాత్రి ప్రయాణానికి పదేళ్లు. దళారి ఈ లెక్క చెప్పడు. "ఊరికే బ్యాగు రా, స్టేషన్‌లో ఇచ్చేసి వచ్చెయ్" అంటాడు.

ఈ కొండ నుంచి పోయే దారిలో పొగ అలవాటు కూడా మన హాస్టళ్లకే దిగుతోంది. మోసేవాడికి కూలీతో పాటు కొంచెం సరుకు చేతిలో పెడతారు. వాడు రూములో నలుగురికి రుచి చూపిస్తాడు. పోలీసు చెక్‌పోస్టు దగ్గర ఉంటాడు, హాస్టల్ వెనక గోడ దగ్గర ఉండడు. అక్కడ ఉండేది మనమే.

నాలుగో మాట: "పట్టుకున్నవాణ్ణి హాస్టల్ నుంచి పంపేస్తే మిగతావాళ్లు భయపడతారు." దీని మీదే నాకు ఎక్కువ కోపం. నేను ఇంటర్ చదివేటప్పుడు ఉన్న ఒక హాస్టల్‌లో ముగ్గురు జూనియర్లు పొగ తాగుతూ దొరికారు. ఆ రోజే పెట్టెలు సర్దించి పంపేశారు. ఇంటికి కబురు లేదు, డాక్టరు లేడు, ఒక్క మాట అడిగిన మనిషి లేడు. వాళ్లకి ఎవరిచ్చారు అని కూడా అడగలేదు. ఒకడు మాత్రం తిరిగి వేరే కాలేజీలో చేరాడు. మిగతా ఇద్దరు చదువు మానేశారు. పంపేసిన మర్నాడు హాస్టల్ శుభ్రంగా ఉందని రాసుకున్నారు. దళారికి మాత్రం ఇద్దరు ఖాళీ కుర్రాళ్లు దొరికారు. పిల్లాణ్ణి గేటు బయటికి నెట్టడం అంటే దళారి చేతిలో పెట్టడమే. ఇది శిక్ష కాదు, సరఫరా.

మరి ఏం చెయ్యాలి? విమర్శ ఎవడైనా చేస్తాడు, దారి చెప్పమంటారు కదా. చెప్తాను.

కూటమి కట్టాలి. కూటమి అనగానే పార్టీల కూటమి గుర్తొస్తుంది, అది కాదు. మన పెద్దల మాటలో ఊరి కట్టు. ఊరంతా కలిసి ఒక మాట అనుకుంటే దాన్ని దాటే ధైర్యం ఎవరికీ ఉండదు. ఇది నా ఊహ కాదు, జరిగిన చరిత్ర.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు అక్షరాస్యత తరగతుల్లో చదువుకుంటూ సారా మీద తిరగబడ్డారు. రోసమ్మ ముందు నడిచింది. ఒక ఊరు చూసి ఇంకో ఊరు లేచింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం వచ్చింది. కానీ 1997లో సంపూర్ణ నిషేధాన్ని ఎత్తేశారు. ఇందులో మనకి రెండు పాఠాలు. ఆడవాళ్లు కట్టుగా నిలబడితే ప్రభుత్వమే దిగొస్తుంది. అయితే పైనుంచి వచ్చిన చట్టం పైనుంచే పోతుంది. ఊరు తనకి తాను వేసుకున్న కట్టు మాత్రం హైదరాబాద్‌లోనో అమరావతిలోనో సంతకం పెడితే పోదు.

ప్రాణహిత దాటితే గడ్చిరోలి. అక్కడున్నది మన గోండులు, మాడియాలే. ప్రజల పోరాటంతో ఆ జిల్లాలో 1993లోనే మద్య నిషేధం వచ్చింది. వచ్చినా దొంగచాటు అమ్మకం ఆగలేదు. అప్పుడు ఏం చేశారు? 2016 నుంచి ముక్తిపథ్ అనే కార్యక్రమంలో ఊరూరా సంఘాలు కట్టారు. అమ్మకం ఆపాలని ఊరే తీర్మానం చేస్తుంది, ఊరే కాపలా కాస్తుంది, మానాలనుకునేవాళ్లకి వైద్యం ఊరి దగ్గరికి వస్తుంది. చట్టం ఒక్కటే చెయ్యలేని పనికి అక్కడ ఊళ్లు పూనుకున్నాయి.

ఎక్కడో చలిదేశం ఐస్‌లాండ్ సంగతి కూడా వినండి. 1998లో అక్కడ 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గడిచిన నెలలో ఒక్కసారైనా మత్తుగా తాగామని చెప్పారు. 2016 నాటికి అది 5 శాతానికి పడిపోయింది. ప్రతిజ్ఞలు చదివించి కాదు. తల్లిదండ్రులు, బడి, ఊరి పాలకులు ఒక మాట మీదికొచ్చారు. రాత్రి ఇన్ని గంటల తర్వాత పిల్లలు బయట తిరగకూడదని కట్టు పెట్టుకున్నారు. సాయంత్రాలు ఆటలకి, పాటలకి డబ్బు పెట్టారు. ఎంతవరకు వచ్చామో చూసుకోవడానికి పిల్లల్నే అడిగి లెక్క తీశారు. వాళ్ల డబ్బు మనకి లేదు, నిజమే. కానీ సాయంత్రం ఖాళీగా ఉన్న పిల్లాడికి ఒక వాలీబాల్, ఒక నెట్, ఒక అన్న కావాలి. దానికి ఎంతవుతుంది?

పైగా మన చేతిలో వాళ్లకి లేని ఆయుధం ఒకటుంది. పీసా చట్టం, 1996. మన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకి, పంచాయతీకి ఇవ్వాలని 4వ సెక్షన్‌లో రాసి ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో దీనికి నియమాలు కూడా వచ్చాయి. భూమి గురించి, ఖనిజాల గురించి పీసా అని గొంతు చించుకుంటాం, అది చెయ్యాల్సిందే. అదే చట్టంలో పిల్లల నోటి దగ్గరి సీసాని ఆపే అధికారం ఉంటే, దాని గురించి ఎందుకు మాట్లాడం? బెల్టు షాపు నడిపేది మన సర్పంచి బంధువనా? పండగకి చందా ఇస్తాడనా?

ఇంకో చట్టం. జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 77. డాక్టరు చెప్పిన మందు కింద తప్ప, పిల్లలకి మద్యం గానీ, గంజాయి గానీ, పొగాకు గానీ ఇస్తే 7 ఏళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. సెక్షన్ 78, పిల్లల చేత మద్యం, మత్తుమందు అమ్మించినా మోయించినా అంతే శిక్ష. ఈ రెండు సెక్షన్లు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ప్రతి బెల్టు షాపు, ప్రతి కిళ్లీ కొట్టు ఎదురుగా అంటించండి. ప్లకార్డు పట్టుకోవాల్సింది పిల్లలు కాదు, చదవాల్సింది అమ్మేవాడు.

ఊరి కట్టులో ఎవరుండాలి? ఊరి పెద్ద, పూజారి లేదా దిసారి. వాళ్ల మాట లేకుండా పండగలో సీసా ఆగదు. డ్వాక్రా అక్కలు, ఎందుకంటే ఈ బాధ మొదట పడేది వాళ్లు. ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, ఎవరికి వైద్యం కావాలో వాళ్లకి ముందు తెలుస్తుంది. బడి సారు, హాస్టల్ వార్డెన్. ఆటో, జీపు డ్రైవర్లు, ఏ బ్యాగు ఎటు పోతుందో చూసేది వాళ్లే. సంతలో దుకాణం పెట్టేవాళ్లు. వీళ్లందరి మధ్య తిరిగి, రాసి, గుర్తుచేసే పని చదువుకున్న మనది. బగత, కొండదొర, కోయ, సవర, లంబాడా అని మన మధ్య ఉన్న తగువులు ఈ ఒక్క పనికి గుమ్మం బయట పెట్టాలి. దళారి కులం చూసి సరుకు ఇవ్వడు.

మొదటి పని, పిల్లలకి ఎక్కడ దొరుకుతోందో చుక్కలు పెట్టి ఊరి పటం గీయడం. చాలా ఊళ్లలో ఐదారు చుక్కల కన్నా ఎక్కువ రావు. రెండో పని, గ్రామసభలో తీర్మానం. మైనర్‌కి అమ్మకూడదు, సీసా తెమ్మని పిల్లల్ని పంపకూడదు, పండగ చందాలో బీరు లెక్క ఉండకూడదు. ఈ మూడు చాలు. తీర్మానం కాపీ పంచాయతీకి, ఐటీడీఏకి, ఎక్సైజ్ స్టేషన్‌కి ఇచ్చి రసీదు తీసుకోండి. మూడో పని, హాస్టల్లో సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా ఆట, చదువు. సీనియర్లు వంతులు వేసుకుని పిల్లలతో ఉండాలి. నాలుగో పని, దొరికిన పిల్లాణ్ణి గెంటకుండా వైద్యానికి తీసుకెళ్లడం. మత్తు మానాలనుకునేవాళ్లకి దేశమంతా పనిచేసే నంబరు 14446. అలవాటు పడి చిన్న పరిమాణంతో దొరికినవాడు తనే ముందుకొచ్చి వైద్యం చేయించుకుంటే కేసు నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ 64ఏ కూడా ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉంది. వార్డెన్లకి ఈ సంగతి మనమే చెప్పాలి. ఐదో పని, ప్రతి నెలా కూర్చుని ఎన్ని చుక్కలు చెరిగాయో చూసుకోవడం.

ఒక భయం ఉంది, దాచకూడదు. మన ఏజెన్సీలో "ఇన్ఫార్మర్" అనే మాటకి ప్రాణాలు పోయాయి. అందుకే ఎవరూ ఒంటరిగా ముందుకు రాకూడదు. ఒక్క కుర్రాడు వెళ్లి చెప్తే వాడు ఇన్ఫార్మర్. రెండొందల మంది గ్రామసభలో చెయ్యెత్తితే అది ఊరి మాట. కూటమి కావాలనడానికి అసలు కారణం ఇదే. అలాగే కట్టు పేరుతో తాగినవాణ్ణి స్తంభానికి కట్టడం, కొట్టడం, పేదోడి మీద వేలకి వేలు తప్పు వెయ్యడం చేస్తే మనమే గుత్తేదార్లం అయిపోతాం. అమ్మేవాడి మీద గట్టిగా ఉండాలి, తాగే పిల్లాడి పక్కన మెత్తగా ఉండాలి. ఇది తిరగబడితే కట్టు నెలలో తెగిపోతుంది.

పిల్లల బ్యాగుల్లో పుస్తకాలే ఉండాలంటే, ఆ బ్యాగు ఎవరు నింపుతున్నారో చూసే కళ్లు ఊరంతా ఉండాలి. వచ్చే సెలవులకి ఇంటికి పోయినప్పుడు సెల్‌ఫోన్ కాసేపు పక్కన పెట్టి, మీ ఊళ్లో ఐదుగురు డ్వాక్రా అక్కల్ని, ఒక పెద్దని కూర్చోబెట్టండి. పటం గీయండి. తర్వాతి గ్రామసభలో తీర్మానం పెట్టించండి. ఒక్క ఊళ్లో మొదలైతే పక్క ఊరికి దారి తెలుస్తుంది. దూబగుంట కూడా ఒక్క ఊరే.

జై ఆదివాసీ.

మీ తమ్ముడు, డిగ్రీ ఫైనలియర్, గిరిజన హాస్టల్ నుంచి.